డొక్కల కరువు నేర్పిన పాఠము
పల్నాటి చరిత్ర వెలుగులో ఆకలికి కారణములు, సంఘము చేయదగిన పని

1. ప్రశ్న

దాచేపల్లికి ఉత్తరముగా పొందుగల వద్ద నిలిచి చూచిన యెడల కృష్ణానది నిండుగా పారుట కనబడును. అవతలి ఒడ్డున వాడపల్లి వద్ద మూసీనది వచ్చి దానిలో కలియుచున్నది. ఊరి దాపుననే నాగులేరు ఉన్నది. అయినను తరతరములుగా ఈ ప్రాంతమునకు కరువు సీమ అనియే పేరు. నది ప్రక్కన ఉండియు మనుష్యులు ఆకలితో ఎందుకు చనిపోయిరి? ఈ వ్యాసములో మేము పరిశీలించదలచిన ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో మొదలు కాలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట వానలు లేని కాలములో మేము ఒక ఉపవాస కూటములో ప్రసంగించుచు, కరువు మన పాపములకు దేవుడు పంపిన శిక్ష అని చెప్పితిమి. కూటము ముగిసిన తరువాత కూలి చేసికొని బ్రతుకు ఒక వృద్ధురాలు మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, వాన పడని ఏడు కూడా కామందు గాదె ఖాళీ కాలేదు. పాపం మేమొక్కళ్లమే చేశామా?” అని అడిగెను. ఆ దినమున మాకు జవాబు దొరకలేదు. ఆ మాటకు చరిత్రలో జవాబు వెదకుటయే ఈ చిన్న ప్రయత్నము.

2. మెట్ట భూమి

పల్నాడు మెట్ట సీమ. నల్లరేగడి నేల కొంత, నాపరాతి పలక పైనున్న పలుచని మట్టి కొంత. కృష్ణ ఇక్కడ లోతైన గట్ల నడుమ పారుచున్నందున నీరు తనంతట తాను పొలములోనికి ఎక్కదు. కనుక పూర్వము వాన మీద పండు జొన్న, సజ్జ, వరిగ, ఆముదము, ప్రత్తి వంటివే ఇచ్చటి పంటలు. పల్నాటిలో వరి అన్నము దొరకదనియు, నీటికి కటకట అనియు పరిహసించు చాటువులు శ్రీనాథ కవి పేర నేటికిని వాడుకలో ఉన్నవి. అవి పరిహాసమే అయినను అందులో ఒక సాక్ష్యము ఉన్నది. ఈ నేల ఎప్పుడును వాన వైపు చూచుచు బ్రతికిన నేల.

అయితే మెట్ట నేల అయినంత మాత్రమున ప్రజలు చావనక్కరలేదు. జొన్న పాతరలో నిలువ ఉండగల ధాన్యము. ఒక ఏడు పండిన పంట మరుసటి ఏటికి ఆదుకొనగలదు. పాతర ఎవరిది, దాని మూత తీయు అధికారము ఎవరిది అనునదే అసలు సంగతి.

3. నందన సంవత్సరపు కరువు

1832-33 నందన నామ సంవత్సరము. వానలు తప్పినవి. గుంటూరు జిల్లాలో వచ్చిన ఆ కరువును ప్రజలు నందన కరువు అనియు, డొక్కల కరువు అనియు పిలిచిరి. ప్రక్కటెముకలు బయటపడిన మనుష్యులను చూచి పెట్టిన పేరు అది. చరిత్రకారులు దీనిని గుంటూరు కరువు అని వ్రాయుదురు. అప్పటి జిల్లా జనాభా సుమారు 5 లక్షలు కాగా, అందులో లక్షన్నర నుండి రెండు లక్షల మంది వరకు మరణించిరని లెక్కలు చెప్పుచున్నవి. అనగా సుమారుగా ప్రతి ముగ్గురిలో ఒకరు. అన్నము దొరకునను ఆశతో మద్రాసు దారి పట్టినవారు అనేకులు ఆ దారిలోనే పడిపోయిరి.

ఈ మరణములకు వాన లేకపోవుట ఒక్కటే కారణమా? మేము కనీసము నాలుగు కారణములు చూచుచున్నాము. మొదటిది, పాలేర్లకును వ్యవసాయ కూలీలకును ధాన్య రూపములోనే కూలి దొరికెడిది. పంట లేనప్పుడు కోత లేదు, కోత లేనప్పుడు కూలి గింజలు లేవు. రెండవది, జమీందారులు కుంపిణీ వారికి బాకీలు పడియుండిరి. ఆ భారము రైతు మీదనే పడుచుండెను గనుక కష్టకాలమునకు దాచుకొనునది మిగులలేదు. మూడవది, ధర పెరిగినప్పుడు నేతగాడు, చేతి వృత్తులవాడు తమ సరుకు కొనువారు లేక ధాన్యము కొనలేకపోయిరి. నాలుగవది, ధాన్యపు వ్యాపారములో ప్రభుత్వము జోక్యము చేసికొనరాదను సిద్ధాంతము అప్పటి అధికారులలో బలముగా ఉండెను. వాన తప్పుట ప్రకృతి చేసిన పని. మిగిలిన నాలుగును మనుష్యులు ఏర్పరచినవి.

4. నీరు ఎవరికి వచ్చెను?

ఆ కరువు తరువాత ప్రభుత్వము మేలుకొనినది. సర్ ఆర్థర్ కాటన్ గారి ప్రణాళికతో ధవళేశ్వరము వద్ద గోదావరిపై 1847-1852లోను, బెజవాడ వద్ద కృష్ణపై 1852-1855లోను ఆనకట్టలు లేచినవి. క్రైస్తవ విశ్వాసియైన కాటన్ గారిని డెల్టా రైతులు నేటికిని కృతజ్ఞతతో తలంచుదురు. ఆ కృతజ్ఞత న్యాయమైనదే. కాని బెజవాడ ఆనకట్ట నీరు దిగువ డెల్టాకే పారినది. ఎగువనున్న పల్నాడు ఎండుచునే ఉన్నది. ఒకే నది, ఒకే జిల్లా, రెండు గతులు. అభివృద్ధి జరిగినదా అని మాత్రమే గాక, అది ఎవరి ఇంటి వరకు వచ్చి ఆగినది అని కూడ అడుగవలెనని ఇది మనకు నేర్పుచున్నది.

5. ధాత కరువు

1876లో ధాత నామ సంవత్సరమున మరల వానలు తప్పినవి. ఆ కరువు 1878 వరకు సాగి మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణములను తీసినది. ఈ మారు ప్రభుత్వము సహాయ పనులు పెట్టినది. కాని 1877 ఆరంభములో సర్ రిచర్డ్ టెంపుల్ కూలిని తగ్గించి, పనిచేయు మగవానికి రోజుకు ఒక పౌను, అనగా అర కిలో కంటె తక్కువ, ధాన్యము కొనగల డబ్బును, దానిపై కొద్దిపాటి సొమ్మును మాత్రమే నిర్ణయించెను. దినమంతయు మట్టి మోయు మనుష్యునికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కూలి కొంత పెంచవలసి వచ్చెను. ఇక్కడ ప్రజలు చనిపోవుచుండగా 1877లోనే ఈ దేశము నుండి గోధుమలు ఇంగ్లండుకు ఓడలపై వెళ్లుచుండెను.

తరువాత నియమింపబడిన కరువు కమిషను 1880లో తన నివేదిక ఇచ్చినది. కరువు కాలములో దేశములో ధాన్యము బొత్తిగా లేకపోవుట కంటె, పని పోయి కొనుగోలు శక్తి పోవుటయే పేదవాని ప్రాణము తీయుచున్నదని అది గుర్తించినది. దాని ఫలితముగా 1883లో కరువు నియమావళి వచ్చినది. మా వృద్ధురాలు ఒక్క మాటలో చెప్పినదానినే కమిషను సంపుటములలో వ్రాసినది.

6. సంఘము ఎదుట నిలిచిన పరీక్ష

మన ప్రాంతములో సువార్త చరిత్రయు ఈ కరువుల చరిత్రయు పెనవేసికొనియున్నవి. లూథరన్ మిషనెరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో పల్నాటిలోని గురజాలలో పని ఆరంభించెను. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఇ. క్లౌ గారు 1866 నుండి పనిచేయుచుండిరి. ధాత కరువులో క్లౌ గారు చేసిన రెండు పనులు మనము జాగ్రత్తగా గమనించదగినవి.

మొదటిది, యౌవనములో సర్వేయరుగా పనిచేసిన అనుభవముతో ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొనిరి. భిక్షము వేయుటకు బదులు పని చూపించిరి. రెండవది, కరువు సహాయము సాగుచున్నంత కాలము, అనగా సుమారు 15 నెలలు, బాప్తిస్మము కోరిన వారికి ఆయన బాప్తిస్మమియ్యలేదు. గింజల కొరకు ఎవరును క్రీస్తు నామము ధరించరాదని ఆయన ఉద్దేశము. పంచుటకు ఇక ధనము లేదని చెప్పిన తరువాతను ప్రజలు వచ్చుచుండగా, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను మన సంఘములలో గర్వముగా చెప్పుకొందుము. దానికి ముందున్న 15 నెలల మౌనమును అంతగా చెప్పుకొనము. కరువులో సంఘము పెరిగినదనునది నిజము. అందుచేత “వీరు అన్నము కొరకు కలిసినవారే” అను నింద ఆనాటి నుండి మనలను వెంటాడుచున్నది. ఆ నిందకు జవాబు వాదములో లేదు. ఆ వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు, ఊరి పాతరకు అందని వెలివాడ ప్రజలు. వారు కోరినది గింజలు మాత్రమే కాదు, మనుష్యులుగా లెక్కింపబడుటను కూడ కోరిరి. అయితే సహాయమును ఎరగా వాడరాదను క్లౌ గారి నియమమును మనము ఇప్పుడు విడిచిపెట్టిన యెడల, ఆ నింద నిజమగును.

7. సాగరు నీరు, చౌక బియ్యము

పల్నాటికి నీరు వచ్చుటకు మరి నూరు సంవత్సరములు పట్టినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడుదలైనది. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం సీమలలో లక్షల ఎకరములను తడిపినది. జొన్న సంగటి తిన్న ఇండ్లలో వరి అన్నము ఉడికినది. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయలకు ఇచ్చుట ఆరంభించినది. 2003లో మన రాష్ట్ర పాఠశాలలలో మధ్యాహ్న భోజనము మొదలైనది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకము అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. 2013లో ఆహార భద్రత చట్టము వచ్చినది. నీరు, ధర, పని, హక్కు అను నాలుగును కలిసిన చోట డొక్కల కరువు మరల రాలేదు.

1943 బెంగాలు కరువును పరిశోధించి అమర్త్య సేన్ గారు 1981లో ప్రచురించిన గ్రంథములో ఇదే సత్యమును శాస్త్రీయముగా నిరూపించిరి. ఆ ఏడు బెంగాలులో ఆహారము 1941 కంటె తక్కువగా లేదు. అయినను సుమారు 30 లక్షల మంది చనిపోయిరి. యుద్ధకాలములో ధరలు ఎగసినవి, కూలి ఎగయలేదు.

8. నేటి ఆకలి

నేడు లోకములో అందరికి చాలినంత ఆహారము పండుచున్నది. అయినను ఐక్యరాజ్యసమితి సంస్థల 2025 నివేదిక ప్రకారము 2024లో సుమారు 67 కోట్ల మంది ఆకలితో ఉండిరి. మరొక ప్రక్క 2022లో దుకాణములలోను, హోటళ్లలోను, ఇండ్లలోను వ్యర్థమైన ఆహారము 100 కోట్ల టన్నులకు పైగా ఉన్నది. 2024 ఆగస్టులో సూడాను దేశపు జంజం శిబిరములోను, 2025 ఆగస్టులో గాజాలోను కరువు నెలకొన్నదని నిపుణులు ప్రకటించిరి. ఆ రెండు చోట్లను ముఖ్య కారణము వాన కాదు, యుద్ధము.

మన యొద్ద ఆకలి రూపము మార్చుకొన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఐదేండ్లలోపు పిల్లలలో 31 శాతము మంది వయస్సుకు తగిన ఎత్తు లేరు. 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 59 శాతము మందికి రక్తహీనత ఉన్నది. కడుపు నిండుచున్నది గాని బలము చేరుట లేదు. పొలములో కౌలు రైతు మిరపకు, ప్రత్తికి అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టుచున్నాడు. పంట పోయినప్పుడు భూమి యజమానికి నష్టము లేదు, అప్పు కౌలుదారునికి మిగులును. నందన కరువు నాటి లెక్క మరియొక వేషములో నడచుచున్నది.

9. లేఖన పరిశీలన

ఆదికాండము 41లో యోసేపు సమృద్ధి కాలమున పంటలో అయిదవ వంతు నిలువ చేయించెను. దీనిని మనము తరచుగా ప్రసంగించుదుము. కాని 47వ అధ్యాయములో అదే ధాన్యమునకు బదులుగా ప్రజల పశువులు, భూములు, చివరకు వారి స్వాతంత్ర్యము ఫరో వశమైనవి. ధాన్యము ప్రాణము కాపాడగలదు, మనుష్యుని బానిసగా కూడ చేయగలదు. నెహెమ్యా 5లో కరువుకాలమున పొలములు కుదువపెట్టినవారి మొర విని, నెహెమ్యా ఉపవాసము ప్రకటించి ఊరకుండలేదు. వడ్డీ మాన్పించి, భూములు తిరిగి ఇప్పించెను. ఆమోసు 8లో ప్రవక్త తూము చిన్నది చేయు వర్తకుని గద్దించెను. లేవీయకాండము 19లో పొలపు ఓరలోని పంట బీదలకు వదలవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. అది యజమాని దయ కాదు, బీదవాని వంతు. అపొస్తలుల కార్యములు 11లో కరువు రానున్నదని విన్న అంతియొకయ సంఘము, అది ఎవరి పాపము అని చర్చించక, ఎవరి శక్తి కొలది వారు సహాయము పంపెను.

కరువును దేవుని తీర్పుగా చెప్పు వాక్యములు లేఖనములలో ఉన్నవి. మేము వాటిని త్రోసివేయుట లేదు. కాని ప్రవక్తలు ఆ తీర్పును గాదెలు నిండినవారి ఎదుట చెప్పిరి. మేము దానిని గాదె లేనివారి ఎదుట చెప్పితిమి. మా తప్పు అది.

10. చేయదగిన పనులు

మొదటిది, కోతల పండుగలో వచ్చు ధాన్యమును వేలము వేసి సొమ్ము చేసికొనక, కొంత భాగమును సంఘ గాదెగా నిలువ చేసి, పనులు లేని వేసవిలో మతభేదము లేకుండ బీద కుటుంబములకు ఇయ్యవచ్చును. రెండవది, రేషను కార్డు, అంగన్‌వాడీ ఆహారము, పింఛను అందనివారి పేర్లు కాపరి వ్రాసికొని వారితో కూడ కార్యాలయమునకు వెళ్లవచ్చును. మూడవది, సంఘములో భూమి గల విశ్వాసులు తమ కౌలుదారులకు వ్రాతపూర్వకమైన కౌలు ఇచ్చునట్లు బోధించవలెను. 2019లో రాష్ట్రము చేసిన సాగుదారుల హక్కుల చట్టము క్రింద కార్డు పొందుటకు యజమాని సమ్మతియే అడ్డు నిలిచినది. ఆ యజమానులలో మన పెద్దలు కూడ ఉన్నారు. నాలుగవది, జొన్న, సజ్జలను బీదల కూడు అని చిన్నచూపు చూడక పిల్లల భోజనములోనికి తిరిగి తేవలెను. అయిదవది, పెండ్లి విందులలో పారవేయు అన్నమును గూర్చి పుల్పిటు నుండి మాటలాడవలెను.

వేదాంత విద్యార్థులకు ఒక మనవి. మీరు సేవకు వెళ్లు గ్రామములో మొదటి వారమే ఆ ఊరి చెరువు, కౌలు రేటు, కూలి రేటు, వడ్డీ రేటు తెలిసికొనుడి. అవి తెలియక వర్షము కొరకు చేయు ప్రార్థన సగము ప్రార్థనయే.

వాన కొరకు మేము ఇప్పటికిని ఉపవాస కూటములు పెట్టుచునే ఉన్నాము. అయితే ఇప్పుడు ప్రార్థనలో మరియొక మనవి చేర్చుచున్నాము. గాదెల తాళములు మా చేతులలో ఉన్నయెడల వాటిని తెరచు మనస్సు మాకిమ్మని అడుగుచున్నాము. అరణ్యములో జనసమూహమును చూచి పంపివేయుమనిన శిష్యులతో, వారికి మీరే భోజనము పెట్టుడని ప్రభువు చెప్పెను (మార్కు 6). ఆ ఆజ్ఞ నేటికిని మన ముందు ఉన్నది. ఆ వృద్ధురాలు ప్రభువు సన్నిధికి వెళ్లిపోయినది. ఆమె అడిగిన ప్రశ్నకు ఇంత ఆలస్యముగా వ్రాయుచున్న జవాబు ఇది.