కడగడం మరచిన రోజు

1978 మే 5. న్యూయార్క్ నగరం, బ్రూక్లిన్. డౌన్‌స్టేట్ వైద్య కళాశాలలో ఫార్మకాలజీ ప్రయోగశాల. చిన్న గాజుపాత్రలో లవణాల ద్రావణం ఒంటి వేడితో ఉంది. అడుగు నుంచి ఆక్సిజన్ బుడగలు లేస్తున్నాయి. అందులో కుందేలు బృహద్ధమని నుంచి కోసిన చిన్న ఉంగరంలాంటి ముక్క వేలాడుతోంది. ఒంటి నుంచి వేరు చేసినా ఆ ముక్కలో ఇంకా జీవముంది. మందు పడితే బిగుస్తుంది, లేదా వదులవుతుంది. ఆ బిగువెంతో పక్కనే కదిలే కాగితం మీద కలం గీస్తూ పోతుంది.

డేవిడ్ డేవిడ్‌సన్ అనే టెక్నీషియన్ చేతికి ఆచార్యుడు ఆ రోజు చేయవలసిన పనుల వరస ఇచ్చాడు. మొదట నోర్‌ఎపినెఫ్రిన్ వేసి నాళం బిగుసుకోవడం చూడాలి. తర్వాత ద్రావణం మార్చి, ఆ మందు పూర్తిగా పోయేలా కడగాలి. అప్పుడు కార్బకాల్ వేయాలి. దానికీ నాళం బిగుసుకోవాలి.

డేవిడ్‌సన్ మొదటి మందు వేశాడు. కలం పైకి లేచింది. కడగడం మరచిపోయి రెండో మందు వేసేశాడు. కలం ఇంకా పైకి పోవాలి. అది కిందికి దిగింది. బిగిసి ఉన్న నాళం వదులవుతోంది!

ఏ ప్రయోగశాలలోనైనా ఇలాంటి కాగితానికి పట్టే గతి ఒక్కటే. వరస తప్పింది కనుక లెక్కలోకి రాదు, చించి పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. కానీ ఆ గీత రాబర్ట్ ఫర్చ్‌గాట్ కంట పడింది. అప్పటికి ఆయనకు 61 ఏళ్లు. 1956 నుంచి ఆ విభాగానికి అధిపతి. కుందేలు బృహద్ధమని మీద మందుల ప్రభావం గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. ఆ గీత నిజమైతే ముందుగా తప్పయ్యేది ఆయన సొంత పరిశోధనే.

ఆ సంగతి అర్థం కావాలంటే పాతికేళ్లు వెనక్కి పోవాలి. దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో 1916లో పుట్టిన ఫర్చ్‌గాట్ చదివింది రసాయనశాస్త్రం. రక్తనాళాల మీద గట్టిగా పని మొదలుపెట్టింది సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో. బృహద్ధమనిని మరమేకు చుట్టులా ఏటవాలుగా కోసి, పొడవాటి పట్టీలా తీసి, దాని మీద మందులు పరీక్షించేవాడు. 1953లో భద్రాకమ్ అనే సహచరుడితో కలిసి ప్రచురించిన వ్యాసంలో, అసిటైల్‌కోలిన్ వేస్తే ఆ పట్టీ బిగుసుకుంటుందని రాశాడు. కార్బకాల్ కూడా ఈ అసిటైల్‌కోలిన్ కోవకు చెందిన మందే.

అక్కడే ఒక చిక్కు ఉంది. అసిటైల్‌కోలిన్‌ను బతికున్న జంతువుకు ఎక్కిస్తే రక్తనాళాలు విప్పారతాయి, రక్తపోటు పడిపోతుంది. శాస్త్రవేత్త హెన్రీ డేల్ కాలం నుంచి, అంటే 1914 నుంచి అందరికీ తెలిసిన విషయమిది. ఒంట్లో నాళాన్ని వదులు చేసే మందు గాజుపాత్రలో దాన్ని ఎందుకు బిగిస్తోంది? ఈ ముడి విప్పలేక దాన్నొక వింతగా పక్కన పెట్టి, పాతికేళ్లపాటు అందరూ ముందుకు పోయారు. ఫర్చ్‌గాట్ కూడా.

ఇలాంటి వింతలను ఊరికే వదిలే మనిషి కాదాయన. సెయింట్ లూయిస్‌లోనే మరోసారి, ఏ మందూ వేయకుండానే పట్టీలు వదులవుతుంటే కారణం వెతికి, కిటికీలోంచి పడే వెలుతురే అలా చేస్తోందని తేల్చి, దాని మీద కూడా వ్యాసం రాశాడు. అంతటివాడికీ అసిటైల్‌కోలిన్ మాత్రం కొరుకుడు పడలేదు.

ఇప్పుడు డేవిడ్‌సన్ కాగితం ముందుంది. ఫర్చ్‌గాట్ అదే పొరపాటును ఈసారి కావాలని చేయించాడు. నాళాన్ని ముందు బిగించి, కడగకుండా అసిటైల్‌కోలిన్ వేస్తే మళ్లీ వదులైంది. మోతాదు పెంచితే ఇంకా వదులైంది. అయితే ఇది ఉంగరాల్లోనే జరుగుతోంది, పాత పద్ధతిలో కోసిన పట్టీల్లో జరగడం లేదు. అదే కుందేలు, అదే ధమని, అదే మందు. తేడా ఎక్కడ?

ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది కోసే పద్ధతి. పట్టీ కోసేటప్పుడు నాళం లోపలి తలం దేనికో ఒకదానికి రాసుకునేది. ఆ తలం మీద ఒకే ఒక్క కణం మందంతో పరుచుకున్న పొర ఉంటుంది. దాని పేరు ఎండోథీలియం. నెత్తురుకూ నాళానికీ మధ్య అడ్డుగోడ మాత్రమే అని అప్పటిదాకా చాలామంది అనుకున్న పొర అది. ఆ కాస్త రాపిడికే ఊడిపోయేది. ఉంగరంలో అది చెక్కుచెదరకుండా ఉంది. ఉంగరం లోపలి వైపు మెల్లగా రుద్ది మళ్లీ మందు వేస్తే, ఈసారి వదులవలేదు. వెండి లవణంతో రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, వదులైన ముక్కలన్నిటి మీదా ఆ పొర ఉంది. వదులు కాని వాటి మీద లేదు.

మీగడంతా తీసేసి, పెరుగు పలచగా ఉందని గేదెను తప్పుపట్టినట్టుంది ఈ కథ. పాతికేళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పొరలోనే ఉంది. ప్రతి ప్రయోగానికీ ముందు ఆయన చేతులే దాన్ని తుడిచేశాయి.

ఆ తర్వాత సహచరుడు జాన్ జవాడ్‌స్కీతో కలిసి ఫర్చ్‌గాట్ చేసిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. పొర ఊడిన పట్టీ ఒకటి, పొర ఉన్న పట్టీ ఒకటి తీసుకున్నారు. రెండట్లు ఒకదాని మీద ఒకటి వేసినట్టు, లోపలి తలాలు ఎదురెదురుగా తాకేలా కలిపి అమర్చారు. కొలిచింది మాత్రం పొర లేని పట్టీ బిగువునే. అసిటైల్‌కోలిన్ వేశారు. ఒంటరిగా ఉన్నప్పుడు వదులు కాని ఆ పట్టీ, పొరుగు పట్టీ పక్కన చేరగానే వదులైంది! అంటే ఆ పొర నుంచి ఏదో పుట్టి, పక్కనున్న కండరాన్ని చేరుతోంది. 1980 నవంబరులో ‘నేచర్’ ఈ ఫలితాలను ప్రచురించింది.

ఆ ‘ఏదో’ ఏమిటో తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. కొన్ని సెకన్లలో మాయమైపోయే పదార్థాన్ని పట్టుకోవడం మాటలు కాదు. దానికి ఈడీఆర్‌ఎఫ్ (ఎండోథీలియం నుంచి పుట్టి నాళాన్ని వదులు చేసే పదార్థం) అని తాత్కాలికంగా పేరు పెట్టి వెంటపడ్డారు. హిమోగ్లోబిన్ వేస్తే దాని పని ఆగిపోతోందని ఫర్చ్‌గాట్ బృందం గమనించింది. నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పనినీ హిమోగ్లోబిన్ అలాగే ఆపుతుంది. 1986లో మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లో జరిగిన సదస్సులో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో ఎవరికి వారుగా ఒకే మాట చెప్పారు: అది నైట్రిక్ ఆక్సైడే. మోటారు వాహనాల పొగలో ఉండే వాయువు మన రక్తనాళాల్లో పుడుతోందంటే నమ్మడం అప్పట్లో తేలిక కాదు. మరుసటి ఏడాది లండన్‌లో సాల్వడార్ మొంకాడా బృందం కణాల నుంచి వెలువడే ఆ వాయువును నేరుగా కొలిచి చూపించింది.

గుండెనొప్పి ఉన్న పెద్దలు జేబులో పెట్టుకు తిరిగే సార్బిట్రేట్ మాత్ర సంగతీ ఇదే. నాలుక కింద అది కరిగితే నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి నాళాలు విచ్చుకుంటాయి. ఆ జాతి మందుల పని ఈ వాయువుదేనని 1977లోనే ఫెరిద్ మురాద్ చూపించాడు. ఒళ్లే దాన్ని తయారు చేసుకుంటుందని మాత్రం అప్పటికి తెలియదు.

మెదడు దగ్గర ఈ కథ మరింత బరువెక్కుతుంది. మెదడు పైపొరల మధ్య ధమని పగిలి నెత్తురు చిమ్మితే, ఆ గండం గట్టెక్కిన రోగికి కూడా కొన్ని రోజుల తర్వాత మెదడు ధమనులు బిగుసుకుపోతుంటాయి. రక్తం అందక పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. చిమ్మిన నెత్తురు విరిగి బయటపడే హిమోగ్లోబిన్ అక్కడి నైట్రిక్ ఆక్సైడ్‌ను పీల్చేసుకోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. బ్రూక్లిన్ గాజుపాత్రలో కుందేలు ధమని మీద హిమోగ్లోబిన్ చేసిన పనే, మనిషి తలలో జరుగుతోందన్నమాట. జపాన్‌లో నొబొరు తోడా మెదడు ధమనులనే పట్టుకుని, వాటిని విప్పార్చే నరాలు కూడా ఈ వాయువుతోనే కబురు పంపుతాయని 1990లో చూపించాడు.

1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. మొంకాడాను కూడా గుర్తించి ఉండవలసిందన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ డిసెంబరులో స్టాక్‌హోం వేదిక మీదికి ఫర్చ్‌గాట్ 82 ఏళ్ల వయసులో వచ్చాడు. నోబెల్ ఉపన్యాసంలో ఆ మే నెల ప్రయోగాన్ని వివరించాడు. తాను రాసిచ్చిన వరస, దానిలో తప్పిపోయిన కడగడం, పాత పట్టీలు, వాటిని తయారు చేయడంలో తమవల్ల జరిగిన రాపిడి, అన్నీ చెప్పాడు.