హార్మోనియం అబద్ధం చెబుతుందా?

మా ప్రత్తిపాడులో కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో ఎవరు ఎవరితో మాట్లాడినా మధ్యలో నాలుగు తుమ్ములు ఖాయం. అంచేత మా ముగ్గురి వాదనల్లో ఎవరు ఓడిపోయి కళ్లు తుడుచుకున్నారో, ఎవరు ఘాటుకు తుడుచుకున్నారో చెప్పడం కష్టం. ముగ్గురం అంటే నేనూ, ఎదురింటి వదినగారూ, హైస్కూల్లో లెక్కలు చెప్పే నా చిన్ననాటి స్నేహితురాలూ. వదినగారు శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్న మనిషి. లెక్కల టీచరుకు పాట రాదు గానీ, ప్రతిదానికీ రుజువు కావాలి. నాకు రెండూ అంతంత మాత్రమే. నాకున్నదల్లా పద్యనాటకాల పిచ్చి.

ఈసారి గొడవ అటక మీంచి మొదలైంది. ఇల్లు సున్నాలకని సామాను దింపితే మా నాయనమ్మ హార్మోనియం బయటపడింది. తిత్తిని ఎలుకలు కొరికేశాయి. రెండు మెట్లు నొక్కితే పైకి లేవవు.

"పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యండి" అన్నారు వదినగారు. "అబద్ధాలాడే పెట్టె. ఇంట్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

అబద్ధమన్న మాట వింటే మా లెక్కల టీచరు ఊరుకుంటుందా? "రుజువేమిటి వదినా?" అంది.

నిజానికి ఈ తగువు మాది కాదు. మనకంటే చాలా పెద్దవాళ్లు దీనిమీద జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. హార్మోనియం పుట్టింది పారిస్‌లో, 1840ల్లో. అక్కడిది కాళ్లతో తొక్కేది. 19వ శతాబ్దం చివర్లో కలకత్తాలో దాన్ని కింద కూర్చుని చేత్తో గాలికొట్టే పెట్టెగా మార్చారు. ఇక చూసుకోండి! భజన మందిరం, నాటకం స్టేజీ, పెళ్లికెదిగిన ఆడపిల్లున్న ఇల్లు, దేన్నీ వదల్లేదు. మన తెలుగు నాటకాల్లో అయితే హార్మోనిస్టే సగం దర్శకుడు. కృష్ణుడు పద్యం మరిచిపోతే శ్రుతి పట్టుకుని ఒడ్డున పడేసేది ఆయనే.

అటువంటి వాద్యాన్ని 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియోలోంచి వెళ్లగొట్టారు. మీరజ్ తంబురా విన్న చెవికి హార్మోనియం పడకపోవడంలో వింత లేదు. రవీంద్రనాథ్ టాగూరుకూ అదంటే గిట్టేది కాదు. వింత ఏమిటంటే, అప్పుడు రేడియోకి పెద్ద అధికారి లయొనెల్ ఫీల్డెన్ అనే ఆంగ్లేయుడు. అంతకు ముందే ఢిల్లీ కేంద్రంలో పనిచేసిన జాన్ ఫౌల్డ్స్ అనే ఇంకో ఆంగ్లేయుడు, హార్మోనియం భారతీయ సంగీతాన్ని పాడుచేస్తోందని వ్యాసం రాశాడు. యూరప్ నుంచి వచ్చిన పెట్టె బారి నుంచి మన సంగీతాన్ని కాపాడడానికి యూరప్ వాళ్లే నడుం కట్టారన్నమాట! విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరులో మొదలయ్యేటప్పటికీ ఆ నిషేధం ఉండనే ఉంది. 1971లో గానీ కాస్త సడలలేదు. ముప్ఫైయేళ్ల పైచిలుకు! ఇంట్లో కోడలి మీద అలిగిన అత్తగారు కూడా అన్నేళ్లు పట్టుబట్టదు.

"వెళ్లగొట్టారంటే తప్పు చేసిందనేగా?" అన్నారు వదినగారు.

"అది తర్కం కాదు. శిక్ష పడినవాళ్లందరూ దొంగలైతే కోర్టులెందుకు?" అని లెక్కల టీచరు కాగితం తీసింది. మా స్నేహితురాలని చెప్పడం కాదు గానీ, సంగీతం రానివాళ్లకి సంగీతం అర్థమయ్యేలా చెప్పింది ఆవిడొక్కతే. ఒక షడ్జం నుంచి పై షడ్జానికి మధ్య దూరాన్ని 1200 భాగాలు చేశారట. ఇప్పటి హార్మోనియంలో 12 మెట్లకూ సమానంగా తలా 100 పంచేశారు. కానీ తంబురా తీగెలోంచి తనంతట తాను పలికే పంచమం 702 దగ్గరుంటుంది. పెట్టెలో 700. పోనీలే, రెండే తేడా. అంతర గాంధారం దగ్గరికొస్తేనే చిక్కు. తీగెలోది 386, పెట్టెలోది 400. పద్నాలుగు ఎక్కువ.

"చూశావా! అబద్ధమే" అన్నారు వదినగారు, గెలిచినట్టే.

"పంచమం దగ్గర దాదాపు నిజం, గాంధారం దగ్గర అబద్ధం. పెట్టె మొత్తం అబద్ధమని ఎలా అంటారు?"

"పెట్టెకు గమకం ఏదీ? ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారాలంటే అది మెట్లు దిగాలి. మన రాగం మెట్లు దిగదమ్మా, జారుతుంది."

ఈ మాటకి మా దగ్గర జవాబు లేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వదినగారిది న్యాయమే. కానీ నేనూరుకోలేక, స్టేజీ మీద అసలు నిజమేదో చెప్పమన్నాను. అంతే, హార్మోనియం కాస్తా కృష్ణరాయబారం అయింది.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు నోటికి రాని ఇల్లు ఒకప్పుడు ఈ గుంటూరు సీమలో ఉండేదా? కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల వెలుగులో తెల్లవార్లూ నాటకాలాడేవారు. సంధి కోసం సభకొచ్చిన కృష్ణుడు పద్యం చివర రాగం ఎత్తుకుంటే అది ఎప్పటికి దిగుతుందో ఆ భగవంతుడికే తెలియాలి. దిగగానే జనం "వన్స్‌మోర్!" మళ్లీ అదే పద్యం, అదే రాగం. దుర్యోధనుడు పాపం మీసం మెలేస్తూ ఎదురుచూస్తూ ఉండాలి.

"రాయబారి సభలో అలా పాడతాడా? ఇది నిజమా?" అని ఆనాడే అడిగినవాళ్లున్నారు. బళ్లారి రాఘవ (1880–1946) మాటకూ నటనకూ పెద్దపీట వేశాడు. వృత్తికి వకీలు. ఏలూరు బందా కనకలింగేశ్వరరావుగారూ వకీలే. ఆయన కృష్ణుడి పద్యంలో రాగం కన్నా భావానికే ప్రాధాన్యం ఇచ్చారు. ఇద్దరూ వకీళ్లు కావడం కాకతాళీయం కాదేమోనని నా అనుమానం. కోర్టులో రాగం తీస్తే జడ్జిగారు ఊరుకోరు కదా!

"సరే, కృష్ణుడు రాగం తియ్యడు. మరి సీసపద్యంలో మాట్లాడతాడా?" అన్నాన్నేను. "బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం వేస్తే మగవాడని ఎవరికీ గుర్తు రాలేదు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. అది నిజమా అబద్ధమా?"

వదినగారు నవ్వి, భరతముని లోకధర్మి, నాట్యధర్మి అని రెండు చెప్పాడని గుర్తుచేశారు. లోకంలో ఉన్నట్టు చూపించడం ఒకటి, రంగస్థలానికి తగ్గట్టు చూపించడం ఒకటి. "మీ కృష్ణుడు నాట్యధర్మి. కానీ దానికీ ఒక హద్దుండాలి."

"హద్దు ఎవరు గీయాలి?"

"వన్స్‌మోర్‌లు ఎక్కువ పడితే బాగున్నట్టేగా" అన్నాను.

లెక్కల టీచరు ఇక్కడే నన్ను పట్టుకుంది. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో కొండమీద పొగ చూసి నిప్పుందని ఊహించడం నేర్పాడు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటేనే ఆ ఊహ నిలుస్తుంది. "పొగమంచు చూసి నిప్పనుకుంటే? టిక్కెట్లిచ్చి తెచ్చుకున్నవాళ్లు వేసిన వన్స్‌మోరైతే?" అంది. పైగా గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే వస్తుంది, అంత పొడుగు రాగం అందులో పట్టదు, అయినా జనం ఆ రికార్డులు అరిగిపోయేదాకా విన్నారు కదా అంది. నేను మిరపకాయల వంక పెట్టుకుని తుమ్మాను.

అప్పుడడిగారు వదినగారు, "ఇంతకీ ఈ పెట్టెను ఎందుకు పట్టుకు వేళ్లాడుతున్నావమ్మా?" అని.

చెప్పక తప్పింది కాదు. మా నాయనమ్మకి ఆ పెట్టె పెళ్లిచూపుల కోసం కొన్నారు. మూడు కీర్తనలు నేర్పించారు. మూడూ వాయించింది, సంబంధం కుదిరింది, పెట్టె అత్తారింటికి వచ్చి అటకెక్కింది. మళ్లీ దాన్ని ముట్టుకోగా మా ఇంట్లో ఎవరూ చూడలేదు. తిరునాళ్ల నాటకానికి ఆడవాళ్లు బండిలోనే కూర్చుని, సగంలో పిల్లల నిద్ర పేరు చెప్పి ఇంటికొచ్చేసేవారు. ఆవిడ మాత్రం ఆ సగం రాగాన్నే పత్తిలో గింజలు తీస్తూ తనలో తాను ముగించేది. రోజుకో రకంగా.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత లెక్కల టీచరు తిత్తికి చిరుగులున్న చోట గుడ్డ అంటించింది. నేను గాలి కొట్టాను. పెట్టె దగ్గి, గురగురలాడి, షడ్జం పలికింది. వదినగారు పంచమం నొక్కి చెవి పెట్టారు. "రెండేనా తేడా?" అని గొణుక్కున్నారు. మెల్లిగా పాట ఎత్తుకున్నారు. గాంధారం దగ్గరికొచ్చేసరికి మెట్టు మీంచి వేలు తీసేసి, ఆ ఒక్క స్వరం గొంతుతోనే పాడి, మళ్లీ మధ్యమం దగ్గర పెట్టెను కలుపుకున్నారు.

"అది మోసం వదినా" అంది లెక్కల టీచరు.

"మోసం ఎవరిదే, నాదా పెట్టెదా?"

ఆ సాయంత్రం పాతసామాన్లవాడు వచ్చి కేకేసి వెళ్లాడట. మాకెవ్వరికీ వినబడలేదు. పెట్టె మళ్లీ అటకెక్కలేదు. హాల్లోనే ఉంది. కరెంటు బిల్లులు దానిమీదే పెడుతున్నాం.