షమా ఎవరి ముందుంటే వాళ్ళే

పోయిన నెల విడవలూరు వెళ్ళినప్పుడు మా చెల్లెలి కూతురు దాలాన్‌లో 8085 పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఆ సబ్జెక్టు ఇప్పటికే ఒకసారి పోయింది. మళ్ళీ పోతే చదువు చాలిద్దామని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. "మామూ, డేటా తీగలు ఎనిమిదే. మెమరీ, కీబోర్డు, ప్రింటరు అన్నీ వాటి మీదే. ఒకరి మాటలో ఒకరి మాట కలిసిపోదా?" అంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీ చేసిన జర్నలిస్టుని, నా దగ్గర జవాబెక్కడిది? కానీ సవాల్ మాత్రం నన్ను వదల్లేదు.

వెతుకుతూ పోతే 1970 దగ్గర ఆగాను. అంతకు ముందు చాలా కంప్యూటర్లలో మెమరీకో దారి, పరికరాలకో దారి. ఆ ఏడు అమెరికాలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ పీడీపీ-11 తెచ్చింది. అందులో ప్రాసెసర్, మెమరీ, డిస్కు, టెలిటైపు అన్నీ యూనిబస్ అనే ఒకే దారి మీద కూర్చున్నాయి. మొత్తం 56 సిగ్నల్ తీగలు. డేటాకి 16, అడ్రసుకి 18. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం ఎవరు ఎప్పుడు మాట్లాడాలో తేల్చుకోడానికే! మన హైదరాబాదు కూడా అప్పటికే ఆటలో ఉంది. ఏ.ఎస్.రావుగారి ఈసీఐఎల్, ట్రాంబేలో పుట్టిన 12 బిట్ల టీడీసీ-12 తర్వాత, 1970ల మధ్యలో 16 బిట్ల టీడీసీ-316 చేసింది.

ఇక అసలు సంగతి. ఈ మహఫిల్‌లో మొదటి అదబ్ ఖామోషీ. ప్రతి పరికరానికీ ఒక అడ్రసు ఉంటుంది. పిలుపు అందరికీ వినిపిస్తుంది, తన నంబరు విన్నవాడే పలుకుతాడు. మిగతావాళ్ళు తీగ మీద నుంచి చెయ్యి తీసేయాలి. ఒకటీ కాదు, సున్నా కాదు, అసలు తాకకూడదు. పుస్తకాల్లో ట్రై-స్టేట్ అన్నది దీన్నే. ఇద్దరు ఒకేసారి ఒకరు ఒకటి, ఒకరు సున్నా అన్నారనుకోండి, మాట పాడవడమే కాదు, చిప్పులు వేడెక్కిపోతాయి. యూనిబస్‌లో సలాంకి జవాబు కూడా తప్పనిసరి. పిలిచినవాడు కొన్ని మైక్రోసెకన్లు ఆగి చూస్తాడు, జవాబు రాకపోతే అక్కడ ఎవరూ లేరని తేల్చేస్తాడు.

మరి ఇద్దరికి ఒకేసారి మాట్లాడాలనిపిస్తే? పాత ముషాయిరాల్లో షమా ఒక్కో షాయర్ ముందుకీ జరిగేది గుర్తుందా, అచ్చం అదే. ఇజాజత్ అనే సిగ్నల్ ప్రాసెసర్ దగ్గర బయలుదేరి ఒక కార్డు నుంచి పక్క కార్డుకి నడుస్తుంది. అక్కర ఉన్నవాడు ఆపుకుంటాడు, లేనివాడు ముందుకి పంపుతాడు. ఒక్క తేడా ఉంది. ముషాయిరాలో ఉస్తాద్ వంతు చివర. ఇక్కడ ఒకే దర్జా వాళ్ళలో ప్రాసెసర్‌కి దగ్గరున్నవాడిదే ముందు వంతు. కాలువ చివరి మడికి నీళ్ళెప్పుడొస్తాయో విడవలూరు వాళ్ళకి నేను చెప్పాలా!

నాకు బాగా నచ్చింది ఖాళీ కుర్చీ సంగతి. డేటా తీగలు అన్ని కార్డుల స్థానాలకీ తెగకుండా పోతాయి గానీ, ఈ ఇజాజత్ తీగ ప్రతి స్థానం దగ్గరా తెగి ఉంటుంది. మధ్యలో ఒక కార్డు తీసేస్తే షమా అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాతవాళ్ళు బాగానే ఉంటారు, వంతు మాత్రం రాదు. అందుకని ఖాళీ స్థానంలో ఒక చిన్న కార్డు గుచ్చేవాళ్ళు. దానికి వేరే పనేమీ లేదు, ఇటు అందుకున్నది అటు అందించడమే.

ఇదంతా ఫోనులో చెప్తే పిల్ల ఊఁ కొడుతూ వింది. "8085లో ఆ కార్డు ఉండదు మామూ, పరీక్షలో రాదు" అంది. కాసేపాగి, "చెయ్యి తీసేయడం మాత్రం రాస్తా" అంది. పరీక్ష గురువారం.