సూపర్ హీరో టీమ్‌లో టీనేజ్ పిల్లలు.. ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?

సూపర్ హీరో కామిక్స్‌లో టీమ్ అంటే సగం కుటుంబమే. 1963లో వచ్చిన ఎక్స్-మెన్ తొలి సంచికలోనే ప్రొఫెసర్ జేవియర్ తన ఐదుగురు టీనేజ్ స్టూడెంట్లను మాగ్నెటో మీదికి పంపేస్తాడు. పాఠం చెప్పేదీ ఆయనే, పోరుకు పంపేదీ ఆయనే! మరి అమ్మానాన్నల మాటేంటి?

నరసాపురంలో పుట్టిన బాపు గీసిన రామాయణం బొమ్మలు చూసి పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న తెలిసిందే. యాగరక్షణకు రాముణ్ణి పంపమని విశ్వామిత్రుడు అడిగితే, పదహారేళ్లయినా నిండలేదంటూ దశరథుడు ససేమిరా అంటాడు. వశిష్ఠుడు నచ్చజెప్పాకే ఒప్పుకుంటాడు. అక్కడ కనీసం తండ్రిని అడిగారు.

బ్యాట్‌మన్ శిష్యుడు, రెండో రాబిన్ జేసన్ టాడ్ విషయంలో అడిగింది పాఠకుల్ని. 1988లో డీసీ కామిక్స్ ఫోన్ ఓటింగ్ పెడితే చావాలని 5,343, బతకాలని 5,271 ఓట్లు పడ్డాయి. తేడా 72 ఓట్లే. ఆ తర్వాతి కథల్లో జేసన్ డ్రెస్‌ను బ్యాట్‌మన్ తన గుహలో అద్దాల పెట్టెలో దాచుకుంటాడు.