టీ ట్రీ సీసా వెనక ఉన్న అడవి

మొటిమలకు ఫేస్‌వాష్ కోసం మందుల షాపులో అడిగినా, ఫోన్‌లో వెతికినా రెండు పేర్లు ముందు కనిపిస్తాయి. ఒకటి వేప, రెండోది టీ ట్రీ. వేప సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో పేరు చూసి చాలామంది అది తేయాకు అనుకుంటారు. తేయాకుకీ దానికీ చుట్టరికం లేదు. అది మన నేరేడు, జామ, యూకలిప్టస్‌ల కుటుంబానికి చెందిన చిన్న చెట్టు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి ఈశాన్య మూలన, వాగుల వెంట, నీరు నిలిచే పల్లపు నేలల్లో పెరుగుతుంది. శాస్త్రంలో దాని పేరు మెలలూకా ఆల్టర్నిఫోలియా. ఆ నేల బంజలంగ్ అనే ఆదివాసీ జాతిది.

మన సంచికలో సముద్రాల అవతలి చెట్టు కథ ఎందుకంటారా? ఒక ఆకు మందు అడవి నుంచి అంగడికి ఎలా చేరుతుందో, దారిలో ఎవరి పేరు రాలిపోతుందో ఈ చెట్టు చరిత్రలో స్పష్టంగా కనబడుతుంది. ముఖానికి రాసుకునే ముందు అదీ తెలుసుకుంటే మంచిది.

బంజలంగ్ వాళ్ళు ఆ ఆకును వాడిన తీరు మనకు కొత్తగా అనిపించదు. జలుబు, దగ్గు వస్తే ఆకు నలిపి వాసన పీల్చేవారు. పుండ్లకు, చర్మం మీద వచ్చే జబ్బులకు ఆకు నూరి పట్టు వేసేవారు. ఆకులు రాలి నీరు టీ రంగుకు తిరిగిన మడుగుల్లో స్నానం చేస్తే ఒంటికి మంచిదని వాళ్ళ పెద్దలు చెప్పే మాట. ఇందులో ఏదీ వాళ్ళు కాగితం మీద పెట్టలేదు. తల్లి నుంచి బిడ్డకు, పెద్ద నుంచి చిన్నకు నోటి మాటగా వచ్చింది. మన పసరు మందులు వచ్చిన దారీ అదే కదా.

పేరు మాత్రం బయటివాళ్ళు పెట్టింది. 1770లో కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ ఆ తూర్పు తీరం వెంట వెళ్ళింది. ఆ కాలపు నావికులు ఇలాంటి చెట్ల ఆకులతో టీ లాంటిది కాచుకునేవారు. అలా ఆ రకం చెట్లన్నిటికీ కలిపి 'టీ ట్రీ' అనే పేరు స్థిరపడింది. ఆ చెట్టుకు బంజలంగ్ భాషలో ఉన్న పేరు సీసా మీద ఎక్కడా కనిపించదు. 1788లో సిడ్నీ దగ్గర తెల్లవాళ్ళ వలస మొదలైంది. 1840లలో కలప కోసం గొడ్డళ్ళు బంజలంగ్ నేలకు, రిచ్మండ్ నది ఒడ్డుకు చేరాయి. ఆ వెనకే పశువుల మందలు, కంచెలు వచ్చాయి. కాల్పులు జరిగాయి. బతికినవాళ్ళను రిజర్వులనే చిన్న చిన్న చోట్లకు నెట్టారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకునే మన తాతలకు అడవి ఎలా పరాయిదైందో తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు.

ఇక 1920ల కాలానికి వద్దాం. సిడ్నీలోని టెక్నలాజికల్ మ్యూజియంలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియా చెట్ల నూనెలను వరసగా పరీక్షిస్తున్నాడు. మెలలూకా ఆకు నుంచి తీసిన నూనెకు క్రిములను చంపే గుణం గట్టిగా ఉందని ఆయన చూశాడు. అప్పట్లో వైద్యులు క్రిములను చంపడానికి కార్బాలిక్ ఆసిడ్ వాడేవారు, ఏ కొత్త మందునైనా దానితోనే పోల్చేవారు. ఈ నూనె దానికంటే సుమారు 11 రెట్లు బలమైనదని తేలింది. పైగా కార్బాలిక్ ఆసిడ్‌లా ఒంటిని కాల్చదు. 1924లో ఎడ్విన్ చీల్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు ఈ చెట్టును వేరే జాతిగా గుర్తించి, ఇప్పుడున్న శాస్త్రీయ నామాన్ని ఖాయం చేశాడు.

సరిగ్గా అవే సంవత్సరాల్లో, 1922 నుంచి 1924 దాకా, మన మన్యంలో అల్లూరి సీతారామరాజుతో కలిసి గాం గంటందొర, మల్లుదొర పోరాడుతున్నారు. రెండు చోట్లా రాజ్యం ఒకటే, బ్రిటిష్ కిరీటం.

పెన్‌ఫోల్డ్ పని గొప్పదే, అందులో సందేహం లేదు. నలిపిన ఆకులో ఏముందో కొలిచి చెప్పడం అందరి వల్లా కాదు. అయితే మనకు దొరికే టీ ట్రీ చరిత్రల్లో పెన్‌ఫోల్డ్ పేరుంది, చీల్ పేరుంది, ఆకు గుణం ముందుగా తెలిసిన ఒక్క బంజలంగ్ మనిషి పేరూ లేదు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియా రాజ్యాంగం ఆదివాసులను దేశ జనాభాలో లెక్కించకూడదనేది. 1967లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగాకే ఆ వాక్యం పోయింది. లెక్కలోనే లేని మనుషుల పేర్లు శాస్త్ర పత్రాల్లోకి ఎలా వస్తాయి?

నూనె తీసే పద్ధతి మన పెద్దలకు చూపిస్తే వెంటనే గుర్తుపడతారు. ఇప్పసారా బట్టీ లాంటిదే. కొమ్మా ఆకూ కోసి, కింద కట్టెల మంట పెట్టి, ఆవిరిని గొట్టం గుండా పంపి చల్లార్చితే నీటి మీద నూనె తేలుతుంది. మొదట్లో అడవిలోనే ఇలాంటి బట్టీలు పెట్టి తీసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యానికీ ఈ నూనె వెళ్ళిందని చెబుతారు. యుద్ధం తర్వాత పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్స్ వచ్చి దీన్ని మూలకు తోశాయి. మళ్ళీ 1970ల నుంచి సహజ మందుల మీద మోజు పెరిగింది. అడవి కొమ్మ కోయడం పోయి తోటలు వచ్చాయి, కంపెనీలు వచ్చాయి. 1996లో ఈ నూనెకు అంతర్జాతీయ ప్రమాణం కూడా ఏర్పడింది. అందులో టెర్పినెన్-4-ఆల్ అనే పదార్థం 30 శాతానికి తగ్గకూడదని అప్పటి నియమం. క్రిముల పొరను దెబ్బతీసేది ముఖ్యంగా అదే.

మొటిమల విషయంలో అసలు పరీక్ష 1990లో జరిగింది. సిడ్నీలోని రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆసుపత్రి వైద్యులు 124 మందిని తీసుకుని, కొందరికి 5 శాతం టీ ట్రీ జెల్, మిగిలినవారికి 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ లోషన్ ఇచ్చారు. రెండోది డాక్టర్లు మామూలుగా రాసే మొటిమల మందు. రెండిటితోనూ మొటిమలు తగ్గాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, కానీ చర్మం ఎండిపోవడం, పొట్టు లేవడం లాంటి ఇబ్బందులు తక్కువ. 2007లో ఇరాన్ వైద్యులు 60 మందిపై 45 రోజులు చేసిన పరీక్షలోనూ మందు లేని జెల్ కంటే 5 శాతం టీ ట్రీ జెల్ మెరుగని తేలింది. ఆ వ్యాసం మన దేశపు చర్మవైద్యుల పత్రికలోనే అచ్చయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పరీక్షల్లో వాడింది 5 శాతం జెల్, చిక్కటి నూనె కాదు. చిన్న సీసాల్లో అమ్మే అసలు నూనెను నేరుగా ముఖానికి రాస్తే మంటపుట్టి దద్దుర్లు రావచ్చు. మూత తీసి వెలుగులో ఉంచిన పాత నూనెతో అలర్జీ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. లోపలికి తాగితే విషం. ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు చూడండి. గడ్డల్లాంటి పెద్ద మొటిమలు, గుంటలు పడే మొటిమలు అయితే ఏ ఆకునూ నమ్ముకుని కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీములు రాసుకోవడం ఇప్పుడు మన పిల్లల్లోనూ కనబడుతోంది. అవి నాలుగు రోజులు మెరుపిచ్చి, తర్వాత చర్మాన్ని పలచన చేసి మొటిమల్ని రెట్టింపు చేస్తాయి. డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదని ప్రభుత్వం 2018లోనే నియమం పెట్టింది.

మళ్ళీ బంజలంగ్ వాళ్ళ దగ్గరికి వద్దాం. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటన ఓటుకు వచ్చింది. దాని 31వ అధికరణం ఆదివాసుల మందులు, విత్తనాలు, మొక్కల గురించిన జ్ఞానంపై హక్కు వాళ్ళదే అంటుంది. 140కి పైగా దేశాలు అవునన్నాయి, వాటిలో భారత్ ఉంది. నాలుగు దేశాలు కాదన్నాయి, వాటిలో ఆస్ట్రేలియా ఉంది. రెండేళ్ళ తర్వాత అది కూడా మద్దతు చెప్పింది. 2013లో బంజలంగ్‌లలోని ఒక తెగకు వాళ్ళ సొంత నేలపై ఉన్న హక్కును కోర్టు గుర్తించింది. నూనె వ్యాపారం మొదలైన నాటికీ దీనికీ మధ్య దాదాపు తొంభై ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఆదివాసుల మందు అనే మాట ప్రకటనల్లోకి ఎక్కింది. ఆకు అయిపోయింది, ఇక కథ కూడా సరుకే.

మన దేశంలో ఇలాంటిదే పసుపుకు జరగబోయింది. పుండు మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేటెంటు పొందింది. మన సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు ముందు పెట్టి వాదిస్తే 1997లో అది రద్దయింది. వేపనూనెతో మొక్కల తెగుళ్ళు పోగొట్టే పద్ధతికి యూరప్‌లో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయి, 2005లో ఆ తీర్పే ఖాయమైంది. ఆ తర్వాత ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లోని మందులను ప్రపంచ పేటెంటు కార్యాలయాలు చూసుకునేలా ఒక డిజిటల్ గ్రంథాలయంలోకి ఎక్కించారు. మంచి పనే. అయితే పుస్తకంలో ఉన్నదే అందులోకి ఎక్కుతుంది, మన అవ్వ నోట్లో ఉన్నది ఎక్కదు.

నోటి జ్ఞానానికి లాభంలో వాటా దక్కిన సందర్భం ఒకటుంది. 1987లో కేరళ అగస్త్యమల అడవుల్లో శాస్త్రజ్ఞులకు దారి చూపిన కాణి ఆదివాసులు ఏదో కాయ తింటూ అలసట లేకుండా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దానితో జీవని అనే మందు తయారైంది. లైసెన్సు కింద వచ్చిన 10 లక్షల రూపాయల్లో, అమ్మకాలపై వచ్చే రాయల్టీలో సగం కాణిలకు ఇవ్వాలని నిర్ణయించారు. అందుకోసం 1997లో ట్రస్టు పెట్టారు. అందరూ సంతోషించలేదు. తమను అడగకుండా రహస్యం చెప్పారని కాణి వైద్య పెద్దలు కొందరు అభ్యంతరం చెప్పారు. నా దృష్టిలో డబ్బు లెక్క కంటే ఆ అభ్యంతరమే మనం ఎక్కువగా ఆలోచించాల్సింది. ఒక మందు గురించి బయటికి చెప్పే అధికారం ఎవరిది? చెప్పిన మనిషిదా, తెగదా?

చట్టం తెగవైపు కొంత మొగ్గింది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(కె) చూడండి. జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై, మేధో సంపత్తిపై సామూహిక హక్కు మనదని అందులో ఉంది. పోడు పట్టాల గురించి మాట్లాడినంతగా ఈ సెక్షన్ గురించి మనవాళ్ళు మాట్లాడరు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. అది ఊరి జనాన్ని అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. వ్యాపారం కోసం మొక్కలు సేకరించేవారి నుంచి రుసుము వసూలు చేసే అధికారమూ ఆ కమిటీకి ఉంది. 2023లో వచ్చిన సవరణ మాత్రం గ్రంథస్థమైన జ్ఞానం వాడుకునేవారికి లాభం పంచే బాధ్యత తీసేసింది. అంటే రాతలోకి ఎక్కిన మందుకు ఒక తీరు, ఎక్కని మందుకు మరో తీరు.

మీ పంచాయతీలో ఆ కమిటీ సభ్యులెవరో, రిజిస్టరు రాశారో లేదో, రాస్తే అందులో ఏ మందులు ఎవరి అనుమతితో ఎక్కాయో అడగొచ్చు. అడిగేముందు ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చోండి. ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు అనేది తేల్చాల్సింది వాళ్ళే.