రుక్మిణికి బాకీ 23 రూపాయలు: బిలాస్‌పూర్ రైలు ఊరి కథ

బిలాస్‌పూర్‌కి కొత్తగా వచ్చినవారికి ఇక్కడివారు రెండు కథలు తప్పకుండా చెబుతారు. ఒకటి ఊరు పుట్టిన కథ. రెండోది రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ స్టేషన్లో ఆరు గంటలు గడిపిన కథ. సాక్ష్యం ఏమిటని అడిగితే మాత్రం ముఖం చిట్లిస్తారు. హేతువాదులం గనక అడగక తప్పదు. పైగా ముప్పై ఏళ్లకు పైగా రక్షణ శాఖ లెక్కల్లో వోచర్లు తిరగేసినవాణ్ని, ఆ అలవాటు ఇంకా పోలేదు.

మొదటి కథ తేలిక. బిలాసా అనే కేవట్ కులపు స్త్రీ, అంటే చేపలు పట్టే మనిషి, ఆమె పేరు మీద ఊరు వెలిసిందంటారు. వందేళ్ల కిందటి ఆంగ్లేయుల పుస్తకాల్లోనూ ఈ మాట ఉంది. 17వ శతాబ్దమని కాలం కూడా కట్టారు. ఆమె మానం కాపాడుకోవడానికి ప్రాణం తీసుకుందని ఒకరంటే, కత్తి పట్టి రాజునే కాపాడిందని ఇంకొకరు అంటారు. అర్పా నది ఒడ్డున జాలరి గుడిసెలు ఉండేవన్నంత వరకు నమ్మవచ్చు. మిగతాది చెప్పేవారి అవసరాన్ని బట్టి పెరిగింది. 2021 మార్చిలో ప్రయాణికుల విమానాలు మొదలైన ఇక్కడి విమానాశ్రయానికి బిలాసా దేవి కేవట్ పేరు ఉంది. రాజుల పేర్ల కన్నా ఈ పేరు నయమే, నాకు అభ్యంతరం లేదు.

రెండోదాన్ని అంత తేలిగ్గా వదలలేం. ఠాగూర్ ‘ఫాంకి’ అనే కథాపద్యం రాశాడు. ఫాంకి అంటే మోసం, ఎగవేత. 1918లో వచ్చిన ‘పలాతక’ సంపుటిలో ఉంది. కథ ఇది. జబ్బుపడిన భార్య బినుకి 23 ఏళ్లు. ఉమ్మడి కుటుంబం నుంచి మొదటిసారి బయటపడి, భర్తతో గాలి మార్పుకి బయలుదేరుతుంది. బండి మారడానికి బిలాస్‌పూర్‌లో ఆరు గంటలు ఆగాలి. అక్కడ రుక్మిణి అనే కూలీ భార్యతో బినుకి మాట కలుస్తుంది. రుక్మిణి కూతురి పెళ్లికి నగల కోసం 25 రూపాయలు కావాలి. ఇవ్వమని బిను భర్తని అడుగుతుంది. అతను సరేనని, రుక్మిణిని చాటుకి పిలిచి, నీ ఉద్యోగం ఊడగొట్టిస్తానని బెదిరించి, 2 రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. రెండు నెలల తర్వాత బిను, భర్త తన కోరిక తీర్చాడన్న తృప్తితోనే చనిపోతుంది. అతను ఆ బాకీ తీర్చడానికి బిలాస్‌పూర్ తిరిగి వస్తాడు. రుక్మిణి ఎక్కడికో వెళ్లిపోయింది.

ఇది ఠాగూర్ స్వానుభవమేనని, భార్య మృణాళినికి క్షయ వస్తే పెండ్రా రోడ్‌లో చికిత్సకు తీసుకెళ్తూ ఇక్కడ దిగాడని ఊరు ఊరంతా నమ్ముతుంది. పద్యాన్ని స్టేషన్లో ఫలకం మీద కూడా పెట్టారు. తారీఖులు సరిచూద్దాం. మృణాళిని శాంతినికేతన్‌లో జబ్బుపడింది. అక్కణ్నుంచి కలకత్తా తీసుకెళ్లారు. 1902 నవంబర్ 23న అక్కడే చనిపోయింది. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు, అయిదుగురు పిల్లల తల్లి. ఆమెది అపెండిసైటిస్ అయివుంటుందని కొడుకు రథీంద్రనాథ్ అభిప్రాయం. క్షయ వచ్చింది కూతురు రేణుకకి. ఆ అమ్మాయిని గాలి మార్పుకి తీసుకెళ్లింది ఆల్మోరాకి, 1903లో. ఆ ఏడే చనిపోయింది. 1918లోనే భార్యతో వచ్చాడని చెప్పేవారు కూడా ఉన్నారు. అప్పటికి ఆమె పోయి పదహారేళ్లు!

కాబట్టి ఈ పద్దుకి వోచరు లేదు. కవి “నేను” అన్నాడు గనక అది కవే అనుకోవడం, పురాణంలో ఉంది గనక జరిగింది అనుకోవడం లాంటిదే. ఇంతకీ ఊరివారు మురిసిపోతున్న ఈ పద్యంలో కథానాయకుడు ఒక పేద స్త్రీని మోసం చేసినవాడు! అది ఠాగూర్ స్వానుభవమే అయితే ఆయనకి ఏం గౌరవం? ఫలకం పెట్టినవారు ఆలోచించినట్టు లేదు.

నన్నడిగితే పద్యంలో నిజమైన చరిత్ర ఆ ఆరు గంటలు. బండి మారాలంటే అది జంక్షన్ కావాలి. మరాఠా అధికారి ఒకరు ఇక్కడ కోట మొదలుపెట్టి పూర్తి చెయ్యలేదు. 1860లలో ఆంగ్లేయులు జిల్లా కేంద్రం చేశారు. అయినా పాత రాజధాని రతన్‌పూర్ ముందు ఇది చిన్న ఊరే. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ వచ్చింది. నాగపూర్ నుంచి అసన్సోల్ దాకా లైను, ఇక్కణ్నుంచి ఉమరియా మీదుగా కట్ని వైపు లైను 1891 నాటికి పూర్తయ్యాయి. అలా జంక్షన్ అయింది. 1901 జనాభా లెక్కల్లో ఊరి జనం 18,937. 2011 నాటికి 3 లక్షలు దాటారు.

అదే దశాబ్దంలో జిల్లా మొత్తం జనాభా తగ్గింది. 1897లోను, 1900లోను కరువులు. గింజలు మోసుకెళ్లగల రైలు ఉండగానే మనుషులు ఆకలితో చచ్చారు. రైలు గింజల్ని ధర ఉన్నచోటికి తీసుకుపోతుంది, చేతిలో డబ్బులేనివాడికి తెచ్చిపెట్టదు. బతికినవారిలో చాలామంది అదే ప్లాట్‌ఫాం మీద బండెక్కి అస్సాం తేయాకు తోటలకి, తర్వాత జంషెడ్‌పూర్ కార్ఖానాకి వెళ్లారు. “బిలాస్‌పురీ” అన్న మాట తూర్పున కూలీకి మారుపేరైంది.

ఇక్కడివారు వెళ్లిపోతుంటే అదే కంపెనీ మనవాళ్లని తెచ్చింది. వాల్తేరు లైను కూడా బి.ఎన్.ఆర్. చేతికి వచ్చాక, ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు ఖరగ్‌పూర్‌కీ బిలాస్‌పూర్‌కీ చేరారు. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక దారి ఇంకా దగ్గరైంది. డ్రైవర్లు, గార్డులు ఎక్కువగా యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. బొగ్గు వేసేది, పట్టాలు మోసేది మనవాళ్లు, ఒరియావాళ్లు. కంపెనీ క్వార్టర్ల సైజు చూస్తే వేరే వర్ణవ్యవస్థ కనపడుతుంది. 1927లో ఖరగ్‌పూర్ సమ్మెని నడిపిన నాయకుల్లో వి.వి.గిరి ఒకడు. 1974 మే నెల రైల్వే సమ్మెని ప్రభుత్వం అణిచివేసినప్పుడు రాష్ట్రపతి కుర్చీలో ఉన్నది ఆ గిరిగారే!

పైమెట్టు మీద కూడా ఒక తెలుగు ఇంటిపేరు కనిపిస్తుంది. ఎడ్పుగంటి రాఘవేంద్రరావు బిలాస్‌పూర్ బారిస్టరు, మునిసిపాలిటీ అధ్యక్షుడు. 1936లో సెంట్రల్ ప్రావిన్సెస్‌కి తాత్కాలిక గవర్నరు, మరుసటేడు కొద్ది నెలలు ప్రభుత్వాధినేత. ఆయన పేరున ఊళ్లో సభాభవనం ఉంది. రైల్వే కాలనీ తెలుగువారిలో ఆయన పేరు తెలిసినవారు నాకు తక్కువే తగిలారు.

ఈ ఊరి స్వభావం ఏమిటంటే, దీనికి కోపం కూడా రైలు మీదే వస్తుంది. బొగ్గు మాది, ఆదాయం మాది, పెత్తనం కలకత్తాదా అని 1996 జనవరిలో జోన్ కోసం గొడవ చేశారు. రైల్వే ఆస్తులు తగలబడ్డాయి. 1998లో కొత్త జోన్ ప్రకటించారు. 2003 ఏప్రిల్ 5న ఆగ్నేయ మధ్య రైల్వే ఇక్కడే ప్రధాన కార్యాలయంగా మొదలైంది. కోర్బా బొగ్గు వల్ల సరుకు రవాణాలో ఈ డివిజన్ దేశంలోనే ముందు వరుసలో ఉంది. ఆ బొగ్గు బళ్లకి దారి ఇచ్చి ప్యాసింజర్ బండిని అవుటర్‌లో ఆపితే, లోపల కూర్చున్నది మళ్లీ పని వెతుక్కుంటూ పోయే పల్లెటూరి జనమే.

పద్యంలో ఆ భర్త తిరిగి వచ్చి వాకబు చేస్తే స్టేషన్లో ఎవరికీ రుక్మిణి గుర్తుండదు. చివరికి తెలిసేది ఆ కుటుంబం డార్జిలింగ్‌కో ఆరకాన్‌కో పోయిందని మాత్రమే. కవి ఇక్కడ దిగాడో లేదో గానీ, కూలీలు ఏ దిక్కుకి పోతారో సరిగ్గానే రాశాడు. ఆరకాన్ ఉన్నది బర్మాలో. మన ఉత్తరాంధ్ర కూలీలు ఓడెక్కి వెళ్లింది కూడా బర్మాకే.