కాలి గోరు – క్లోరోఫారము

కాలిలో విరిగిన ముల్లును సూదితో తీయించుకొనునప్పుడు పండ్లు బిగబట్టని వారుండరు. గట్టు ప్రాంతపు చేలలో చెప్పులు లేక నడచినవారికిది యనుభవమే. ముల్లునకే యింత బాధయైనచో చీలమండ యెముకను కోయుట యెట్లుండునో చదువరులే యూహింతురు గాక. పూర్వము పెక్కుచోట్ల రోగిని నలుగురు బిగబట్టుటయే శస్త్రవైద్యునకు గల యుపాయము.

1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరమున మార్టను ఈథరును పీల్పించి నొప్పి లేని శస్త్రచికిత్సను లోకమునకు చూపెను. మఱుసటి యేట ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును వాడుకకు దెచ్చెను. కాని 1848 జనవరి 28వ తేదీన న్యూకాసిలు సమీపమున హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలివ్రేలి గోరు తీయించుకొనుటకై ఆ మందు పీల్చి, నిమిషములలో మృతినొందెను. గోటితో పోవుదానికి గొడ్డలి తగిలినట్లాయెను. ఆ మందు ముందుగా గుండె నాపునా, ఊపిరి నాపునా యని వైద్యులు దీర్ఘకాలము వాదించిరి.

ఆ వాదమును తీర్ప హైదరాబాదు పూనుకొనెను. గద్వాల సంస్థానమున కధిప్రభువైన నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, డాక్టరు ఎడ్వర్డు లారీ ప్రోత్సాహమున 1888లోను 1889లోను రెండు పరిశోధక సంఘము లేర్పడెను. రెండవదానికి లాన్సెట్ పత్రిక పక్షమున లాడరు బ్రంటను వచ్చెను. నిజాము వేయి పౌనులిచ్చెను. నాలుగువందలకు పైగా జంతువులను పరీక్షించి, ఊపిరియే ముందాగునని తేల్చిరి. హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ఈ విద్యనే యభ్యసించి, ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యులలో నొకరైరి. స్త్రీకి శాస్త్రమేల యనువారికి ఇంతకంటె సమాధానమేల?

అయినను స్వదేశాభిమానమున సత్యమును దాచరాదు. లేత మత్తులోనే గుండె హఠాత్తుగా నాగవచ్చునని 1911లో లీవీ నిరూపించెను. ఊపిరిని కనిపెట్టుడన్న లారీ బోధ నిలిచినది. గుండెకు భయము లేదన్న మాట నిలువలేదు. క్లోరోఫారము క్రమముగా వైద్యశాలలను విడిచినది.

1898లో జర్మనీలోని కీల్ నగరమున బీర్ అను వైద్యుడు, క్షయ సోకిన చీలమండకు శస్త్రము చేయుటకై వెన్నులో కొకెయిను నెక్కించి, నడుము క్రింది భాగమును మాత్రమే తిమ్మిరెక్కించెను. నేడు గోటికి వ్రేలి మొదట సూదిమందు చాలును. పాదమునకు చీలమండ చుట్టునున్న ఐదు నరములకు మందీయవచ్చును. పెద్ద చికిత్సకు వెన్నుసూదియో పూర్తి మత్తో కలదు.

ఏది తగునో వైద్యుడు చెప్పును. కాని మధుమేహమును, గుండెజబ్బును, వాడు మందులను దాచక చెప్పుట మన పని. ఆకలికి తాళడని బిడ్డకు చాటుగా పాలుపట్టు తల్లులు కలరు. మత్తులో నా పాలు ఊపిరితిత్తులలో దిగినచో ప్రాణాపాయము. హన్నా మరణమునకు కారణ మానాడెవ్వరికిని తెలియదు. తెలిసిన కాలమున నున్న మనము ఏమఱుట క్షమింపరానిది.